చుక్కమ్మ బిడ్డది ఏ జాతి?

రాజమండ్రిలో ఒక డాక్టరుగారింట్లో, హాలు గోడ పొడుగునా పెద్ద అక్వేరియం ఉంది. అందులో ఇసుక మీద పళ్లెం బోర్లించినట్టు పడుకుని ఉండేది చుక్కమ్మ అనే టేకుచేప. మంచినీళ్లలో బతికే రకం, తోక మీద విషపు ముల్లు. నల్లటి ఒంటి నిండా తెల్లటి మచ్చలు. ఆ మచ్చలంటే ఆమెకి చెప్పలేనంత గర్వం.

ఒకరోజు డాక్టరుగారు ఇంకో టేకుచేపని తెచ్చి వదిలారు. గోధుమరంగు ఒళ్లు, పసుపు మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ నల్లటి ఉంగరం. అందుకే అతని పేరు ఉంగరాలు.

అదే తొట్లో దొరబాబు అనే ఆస్కార్ చేప ఉండేవాడు. తిండి దగ్గర మహా ఆశపోతు. కొత్తవాడొస్తే డాక్టరుగారు వేసే రొయ్యల్లో తన వాటా తగ్గుతుందని బెంగపెట్టుకుని, మెల్లగా చుక్కమ్మ పక్కన చేరాడు.

"అమ్మా, జాతి గుర్తుపట్టడంలో నిన్ను మించినవాళ్లు లేరంటారు. ఇతను మీవాడేనంటావా?"

చుక్కమ్మ ఉబ్బిపోయింది. "నలుపు మీద తెలుపుంటేనే టేకు. ఇతనెవరో, ఏం చేపో!"

"అయితే రొయ్యల దగ్గరికి రానివ్వక్కర్లేదుగా?"

"రానివ్వకు."

"అదేంటక్కా!" అన్నాడు ఉంగరాలు. "ఇద్దరిదీ ఒకే ఆకారం, ఒకే ముల్లు. మచ్చలదేముంది?"

చుక్కమ్మ పక్కకి తిరిగింది. నిజానికి ఈ ఇంటికి రాకముందు, చేపలమ్మే దుకాణం తొట్లో తను అన్ని రకాల టేకులతోనూ కలిసి ఉంది. అక్కడ తనతో జతకట్టినవాడివీ ఇలాంటి ఉంగరాల మచ్చలే. ఆ సంగతి ఇక్కడెవరికీ చెప్పలేదు.

ఉంగరాలు పంపు పక్కన మూలలో పడి ఉండేవాడు. దొరబాబు తినగా మిగిలిన తొక్కలే అతని తిండి. ఒళ్లు చిక్కి, రెక్కల అంచులు ముడుచుకుపోయాయి. చూసినప్పుడల్లా చుక్కమ్మకి లోపల ఏదో గుచ్చుకునేది. అయినా దొరబాబుని ఆపలేదు.

వానలు పట్టాక ఒక ఉదయం ఆమె ప్రసవించింది. ఈ చేపలు గుడ్లు పెట్టవు, పిల్లనే కంటాయి. అరచేయంత పిల్ల. గోధుమరంగు ఒళ్లు. పసుపు మచ్చలు, చుట్టూ నల్లటి ఉంగరాలు.

దొరబాబు నోరు చప్పరించుకుంటూ వచ్చాడు. "అమ్మా, నీ మాట ప్రకారం ఇది టేకు కాదు. నేను పీక్కుతింటే నీకేం బాధ?"

చుక్కమ్మకి లేచే సత్తువ లేదు. 'నా బిడ్డ' అందామంటే, తను అన్న మాటే అడ్డొచ్చింది. తొట్లో చేపలన్నీ తనకేసే చూస్తున్నాయి.

అంతలో మూలలోంచి ఉంగరాలు విసురుగా వచ్చాడు. పిల్లని రెక్క కిందికి తీసుకుని తోక పైకెత్తాడు.

"దొరబాబూ, నేనూ టేకుని కాదన్నారుగా! మరి ఈ ముల్లు ఉత్తిదో కాదో దగ్గరికొచ్చి చూసుకో."

దొరబాబు ముల్లుకేసి చూసి గుటకేశాడు. "సరదాకన్నాన్లే అన్నా" అంటూ వెనక్కి జారుకున్నాడు. ఆ మధ్యాహ్నం రొయ్యలు పడినా అటుకేసి రాలేదు.

చుక్కమ్మ నెమ్మదిగా ఉంగరాలు దగ్గరికి పాకింది. "తమ్ముడూ, నువ్వు మావాడివని తెలిసే కాదన్నాను. దీని తండ్రివీ నీలాంటి మచ్చలే."

"పిల్లకి ఆకలేస్తోందక్కా, ముందు ఓ రొయ్య పట్రా" అన్నాడతను.

అతను నాలుగు తిట్లు తిట్టినా ఇంత సిగ్గుపడేది కాదేమో. రొయ్య తెచ్చి అతని ముందు పెట్టి, చుక్కమ్మ తల ఇసుకలోకి దించుకుంది.

మచ్చలు చూసి ఒకరిని వెలివేసినవాళ్లు, ఆ తీర్పు తమ బిడ్డ మీదికొచ్చిన రోజున తలెత్తుకోలేరు.