మసి పూయని ఆకులు

కేదారయ్యకు నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు. జబ్బేమీ కాదు, ఉత్త కడుపుమంట.

నాగావళి ఒడ్డున పరదేశి స్వామి మఠంలో పదకొండేళ్ళుగా పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నది అతనే. తాటాకు మీద గంటం పట్టాడంటే ముత్యాల్లాంటి దస్తూరి. అలాంటివాడి దగ్గర నుంచి ఏడుగురు పిల్లల్ని తీసి, నిన్నగాక మొన్న చేరిన నంబెన్నకు అప్పగించారు స్వామి. వచ్చే పున్నమికి బడి మొత్తం ఇద్దరిలో ఒకరి చేతిలో పెడతానని కూడా అన్నారు.

నంబెన్న చెప్పే చదువు ఏమిటయ్యా అంటే, ఆట. ఏటి ఇసుకలో వరి నూర్చే కళ్ళమంత ‘అ’ గీస్తాడు. పిల్లలు ఆ గీత మీదే పరుగెత్తాలి, గీత తప్పినవాడు దొంగ. చిల్లుకుండలో నీళ్ళు పోసుకుని నడుస్తూ ఆ ధారతో ఎవరి పేరు వాళ్ళు రాయాలి. వాళ్ళ నవ్వులు మఠం దాకా వినిపించేవి. కేదారయ్య ముందు మిగిలిన పిల్లల కళ్ళు ఆకు మీద ఉండేవి, చెవులు ఏట్లో ఉండేవి.

అదైనా ఓర్చుకునేవాడే. కానీ ఆ ఏడుగురిలో పైడి అని ఒక పిల్ల ఉంది, పడవవాళ్ళ పిల్ల. ఏడాదిపాటు ఎంత గద్దించినా తల వంచుకు కూర్చుందే తప్ప అతనికి ఒక్క అక్షరం రాసి చూపిన పాపాన పోలేదు. ఆ పిల్లే పది రోజుల్లో వాళ్ళ నాన్న పేరు ఇసుకలో రాసిందట. నంబెన్న వచ్చి సంబరంగా చెబుతుంటే కేదారయ్య నవ్వు మొహం పెట్టాడు గాని, లోపల భగ్గుమంది. ఆ పిల్లకు రాత రాకపోయినా బాగుండునని అనుకున్నాడు. అంతగా కుళ్ళుకున్నాడు మనిషి.

మర్నాడు పొద్దున్నే కేదారయ్య పైడి ఆకుల కట్ట తీసుకుని స్వామి దగ్గరికి వెళ్ళాడు.

“ఇసుకలో రాసింది గాలికి పోతుంది స్వామీ. ఆటలంటే ఎవరైనా వస్తారు. ఆ పిల్లకు రాత అబ్బదు. ఏడాది ఆకులివి, అన్నీ ఖాళీ.”

“మసి పూశావా?”

గంటంతో గీసిన గీత వట్టి ఆకు మీద కంటికి సరిగా ఆనదు. ఆకుపసరు కలిపిన దీపపు మసి రుద్ది తుడిస్తేనే గీతల్లో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. ఆ మసి తయారుచేయడం పెద్ద పని. అందుకని బాగా రాసే పిల్లల ఆకులకే పూయడం కేదారయ్యకు అలవాటు.

“ఖాళీ ఆకులకు దండగని...” నసిగాడు.

స్వామి మసి చిప్ప దగ్గరికి లాక్కుని, మొదటి ఆకు రుద్ది గుడ్డతో తుడిచారు. వంకరటింకరగా ఒక వరస అక్షరాలు తేలాయి. రెండో ఆకు మీదా ఉన్నాయి, ఇంకాస్త సన్నగా. అయిదో ఆకుకు వచ్చేసరికి వెంట్రుకంత అయ్యాయి. చివరి ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకోవలసి వచ్చింది. దాని మీద కూడా రాసి ఉంది.

కేదారయ్య ఆ ఆకు అందుకుని తనూ వెలుతురుకు పట్టి చూశాడు.

స్వామి చేతులు కడుక్కుంటూ, “పైడి ఎవరి దగ్గర ఉండాలో నువ్వే చూసొచ్చి చెప్పు నాయనా” అన్నారు.

కేదారయ్య ఏటికి వెళ్ళాడు. పైడి ఇసుకలో వంగి, పుల్లతో ఏదో రాసుకుంటోంది. అతని నీడ పడగానే చటుక్కున లేచి, రాసిందంతా కాలితో చెరిపేసింది. పుల్ల వీపు వెనక దాచుకుంది.

“చూపించమ్మా, అయ్యగారికి” అన్నాడు నంబెన్న.

“నానేటీ రాయనేదు అయ్యోరూ.”

కేదారయ్యకు నంబెన్న మీద అసూయ అప్పటికీ పోలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన ఇంకా ఎక్కువైంది. ఆ పిల్ల వాడి ముందు దాచుకోవడం లేదు కదా.

అతను ఇంకేమీ అడగలేదు. నాలుగడుగులు ముందుకు వెళ్ళి, పైడి వైపు వీపు పెట్టి, ఏటికి ఎదురుగా ఇసుకలో చతికిలబడ్డాడు.

ఎండ నెత్తిమీదికి వచ్చింది. పిల్లలు ఆడుకుంటూనే ఉన్నారు. చాలాసేపటికి అతని వెనక, ఇసుకలో పుల్ల కదిలిన చప్పుడైంది.

కేదారయ్య తల తిప్పలేదు.