జక్కయ్య తొట్టి

“పోయినాయయ్యో, నీళ్లన్నీ పోయినాయి!”

వీధి చివర సలోమి పెట్టిన కేక అది. ఊరంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది.

ఆగండి పిల్లలూ, తొందరలో కేక దగ్గరే అందుకున్నాను. అనగనగా అనాలి కదా, సరే, అంటున్నాను.

అనగనగా ఒక ఇసుక ఏరు, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊళ్లో బావుల్లేవు. ఏట్లోనే ఇంటికొక చెలమ, అంటే ఇసుకలో తవ్వుకున్న గుంట. రాత్రి గాలికి అది పూడిపోతుంది. తెల్లవారి మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తోడితే నీరు మెల్లగా ఊరుతుంది. ఊరేదాకా ఊరికే కూర్చోవడమెందుకని, ఆ కాసేపూ అందరూ దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేవారు.

సలోమి మొగుడు జక్కయ్య తాపీమేస్త్రి. మంచి పనిమంతుడు. రాజుగారి కోటగోడ కట్టి పట్టుశాలువా కప్పించుకుని వచ్చాడు. ఇక చూడండి, ఆయన మోకాళ్లు వంగడం మానేశాయి.

“ఈ చేతులుండగా దేవుడి చెలమ నాకెందుకు? పెరట్లో తొట్టి కట్టి వాననీళ్లు పడతాను. మళ్లీ ఏట్లో మోకాలు మోపితే నా తాపీ ఏట్లో పారేస్తాను,” అన్నాడు అందరి ముందూ.

“తాపీ ఏం చేసిందిరా పాపం,” అని నవ్వింది పక్కింటి తబితమ్మత్త.

మొదటి తొట్టి కట్టాడు. వాన కురిసింది, నిండింది. నాలుగు ఎండలు కాయగానే నెర్రెలిచ్చి కారిపోయింది.

రెండోది మందంగా కట్టాడు. అది నిలిచింది గానీ నీళ్లు పాచిపట్టాయి. అవి తాగి కూతురు రూతు కడుపునొప్పితో మంచమెక్కింది. జక్కయ్య రాత్రంతా దాని తల నిమురుతూ కూర్చున్నాడు. అయినా ఏటికి పోలేదు. అన్న మాట అడ్డమొచ్చింది.

మూడోది సున్నంలో బెల్లం, కరక్కాయ నూరి కలిపి, లోతుగా కట్టాడు. అదీ వానకు నిండింది. నడివేసవిలో నల్లరేగడి నేల నోరు తెరిచింది. తొట్టి అడుగు రెండుగా చీలింది. అప్పుడే సలోమి కేక పెట్టింది.

ఇంకా తేరుకోని రూతు మంచంలోంచి అడిగింది. “నాన్నా, మన చెలమ పూడిపోయి ఉంటుందా?”

జక్కయ్య లేచాడు. తలకు తువ్వాలు కప్పుకుని, కుండ పట్టుకుని ఏటికి నడిచాడు. “మేస్త్రిగారూ, శాలువా తడుస్తుందేమో,” అని ఎవరో ఎకసెక్కమాడారు. తలెత్తలేదు.

ఏడాదిగా చెయ్యి పెట్టని చెలమ. గట్టిపడి ఉంటుందనుకున్నాడు. చూస్తే, ఇసుక తడిగా ఉంది. ఎవరో ఆ పొద్దునే తోడారు.

“నేనేరా,” అంది వెనకనుంచి తబితమ్మత్త. “మాది తోడుకున్నాక రోజూ మీదీ తోడుతున్నాను. నువ్వు రావడం మానేశావు గానీ, దేవుడు నీళ్లివ్వడం మానలేదు.”

జక్కయ్య కూలబడినట్టు మోకరించాడు. ఇసుక తోడాడు. నీరు ఊరేదాకా ఏం చెప్పుకున్నాడో ఆయనకూ దేవుడికీ తెలుసు. లేచి, మొలలోని తాపీ తీసి ఏటివైపు చెయ్యెత్తాడు.

తబితమ్మత్త ఆ చెయ్యి పట్టుకుంది. “దాంతో పొయ్యి కట్టు. ఈ పూట అందరం ఇక్కడే తిందాం.”

ఎకసెక్కమాడినవాడే పుల్లలు తెచ్చాడు. చెలమ నీళ్లతో సంకటి ఉడికింది. సలోమి రూతును ఎత్తుకొచ్చింది. చల్లబడిన ఇసుకలో ఊరంతా వరసగా కూర్చుని, జక్కయ్యను నడుమ కూర్చోబెట్టుకుని తిన్నారు.

దేవుణ్ణి విడిచి పోతే దాహం మనకే మిగులుతుంది గానీ, ఆయన ఊట ఎండదు. తిరిగొచ్చి మోకరించినవాడికి ఆ పూటే నీళ్లు అందుతాయి.