గిరక దాచిన ఆకు

అనగనగా ఒక అడవిలో, తారురోడ్డు పక్కన, కొంగ టీచరమ్మ బడి ఉండేది. ఆ బడిలో గిరక అనే ముంగిసపిల్ల చదివేది. దాని కాళ్లు ఒకచోట నిలిస్తే ఒట్టు.

ఆ రోడ్డు మీద లారీలు ఆగేవి కావు. మొన్ననే కుందేలు కాలు విరిగింది. "డ్రైవర్లకు తెలిసేలా ఇంగ్లీషు బోర్డులు పెడదాం. అటొకటి, ఇటొకటి," అంది టీచరమ్మ.

గిరకకు నాలుగు టేకాకులు, దానితో చదివే ఉడుతకు నాలుగు ఇచ్చింది. ఆకుకొక ఇంగ్లీషు మాట రాసి ఉంది, ఇద్దరికీ అవే మాటలు. ఒక్కొక్కరి ముందు నాలుగు బుట్టలు పెట్టింది.

"పేరు చెప్పే మాట నౌన్. పని చెప్పేది వెర్బ్. పేరుగలది ఎలాంటిదో చెప్పేది అడ్జెక్టివ్. పని ఎలా జరుగుతుందో చెప్పేది అడ్వెర్బ్. గిజిగాడికి చదువు రాదు. నేను చెప్పిన వరుసలో బుట్టకొక ఆకు తీసి కుట్టేస్తాడు. ముందు ముగించినవాళ్లు గంట కొట్టాలి."

గంట అనగానే గిరక తోక లేచింది. 'యానిమల్స్' పేరు కదా, నౌన్ బుట్టలో పడింది. 'క్రాస్' అంటే దాటడం, వెర్బ్. 'స్మాల్' అంటే చిన్నవి, అడ్జెక్టివ్. నాలుగోది 'స్లోలీ'. దాని అర్థమే తెలియదు. పక్కకు చూస్తే ఉడుత తన బుట్టలను తోకతో కప్పేసుకుంది.

"తెలియనిది ఏమైనా ఉందా గిరకా?" అని అడిగింది టీచరమ్మ.

"లేదు టీచర్."

"పోనీ, ఒకసారి చూడనా?"

"వద్దు టీచర్."

"అడగడానికి మొహమాటమా తల్లీ?"

గిరక తల అడ్డంగా ఊపింది. టీచరమ్మ అటు తిరగ్గానే ఆ నాలుగో ఆకును రాయి కిందికి తోసి, ఒక్క ఉరుకులో వెళ్లి గంట కొట్టేసింది.

టీచరమ్మ చేపలకని చెరువుకు వెళ్లింది. గిజిగాడు బుట్టల్లో ఉన్నవి ఉన్నట్టు కుట్టి, బోర్డులు కట్టేశాడు. మధ్యాహ్నం నింపాది అనే తాబేలు రోడ్డు దాటడానికి బయలుదేరింది.

ఉడుత బోర్డు వైపు ఒక లారీ ఆగింది. "నెమ్మదిగా దాటుతాయట. ఉందాం," అన్నాడు డ్రైవరు. గిరక చెవులు నిక్కాయి. తన బోర్డు వైపు ఇంకో లారీ ఆగింది. ఆ డ్రైవరు కాసేపు చూసి, "చిన్న జంతువులు దాటుతాయని మాత్రమే ఉంది. ఈపాటికి దాటేసి ఉంటాయిలే," అని బండి కదిలించాడు. నింపాది ఇంకా రోడ్డు మధ్యలోనే ఉంది.

 గిరక రాయి కింది ఆకును నోట కరచుకుని, లారీ ముందుకు ఉరికి, వెనక కాళ్ల మీద నిలబడింది. కీచుమంటూ చక్రం జానెడు దూరంలో ఆగింది.

"ఏమిటే ఆ హడావుడి?" అంది నింపాది, అడుగు తీసి అడుగు వేస్తూ. "వస్తున్నాగా."

టీచరమ్మ చెరువు నుంచి వచ్చేసరికి గిరక ఆకు పట్టుకుని నిలబడి ఉంది. "ఇది నేనే దాచాను టీచర్. ఎందులో వేయాలో నాకు తెలియలేదు."

టీచరమ్మ తిట్టలేదు. "నింపాది రోడ్డు ఎలా దాటింది?"

"నెమ్మదిగా."

"మరి 'ఎలా' అన్నది ఏ బుట్ట?"

"అడ్వెర్బ్," అంది గిరక. ఆ రోజు ఆ బుట్ట దాకా అది పరుగెత్తలేదు. నడిచి వెళ్లింది.

నీతి: తెలియదని చెబితే ఒక్క క్షణం చిన్నబోతాం, తెలియనిది దాచిపెడితే ఆపద ఇంకొకరి మీద పడుతుంది.