సన్నాయి వెల

మూడేళ్లుగా నూకాలు సన్నాయి సాధనంతా చిల్లులు పొడిచిన బొప్పాయి కాడ మీదే. రోజూ ఆస్థాన వాద్యాల వర్తకుడు గవరయ్య అంగడి ముందు ఆగి, అక్కడున్న చెక్క సన్నాయిని చూస్తూ గాల్లోనే వేళ్లు ఆడించేది.

చివరికి ఆయన చెప్పిన ఐదు వరహాలూ కూడబెట్టుకొచ్చి, సన్నాయి ఊది చూసింది. వీధిలో జనం నిలబడిపోయారు.

“ఇందులో ఇంత గొప్ప నాదముందని తెలీక చెప్పాను. యాభై!” అన్నాడు గవరయ్య.

నూకాలు ప్రాణం ఉసూరుమంది. వదల్లేక వదల్లేక సన్నాయిని ఆయన చేతికిచ్చింది.

“నాదం దీన్లోనే ఉంటే ఎలాగైనా యాభై తెస్తానయ్యా. ఒక్కసారి మీరూ ఊదండి.”

గవరయ్య బుగ్గలు పూరించాడు. బుస్సుమని గాలే వచ్చింది. జనం గొల్లున నవ్వారు.

“అయితే నాదం నేను తెచ్చుకున్నదే. మీ చెక్కకు ఐదు” అంటూ వరహాలు పెట్టి, సన్నాయి అందుకుంది నూకాలు.

ఇంటిదాకా ఆమె వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఈసారి గాల్లో కాదు.