దళవాయిగారి చుట్ట

సింగగిరి రాజావారికి ఆ వేసవిలో వేట కుదరలేదు. మూడుసార్లు ముహూర్తం పెట్టారు. మూడుసార్లూ దండు నడిపే దళవాయి ఘంటారాయుడు ముందుగా వెళ్ళి అడవి చూసి వచ్చాడు. మర్నాటికల్లా అడవి అంటుకుంది.

"ఈ నిప్పు పెట్టేదెవరో ఇవాళ తేలాలి" అన్నారు రాజావారు కొలువులో.

దళవాయి లేచాడు. ఆయనకంటే ఆయన మీసాలు ముందు నడుస్తాయి. వాటి మధ్య ఎప్పుడూ జానెడు చుట్ట.

"కొండవాళ్ళే ప్రభూ. ఇప్పపూలు ఏరుకోడానికి ఎండుటాకులు తగలబెడతారు. ఆ నలభై గుడిసెలూ పీకించేస్తే సరి."

ఆ గుడిసెల పెద్ద సుక్కి చేతులు జోడించింది.

"మా తాతలు నిప్పెట్టేవోరు బాబూ. ఒకపాలి కొండంతా కాలిపోనాది. ఆ నాటి నుంచీ సీపుర్లతోనే ఊడుసుకుంతన్నాం. అడివి కాలిపోతే మేం తినేదేటి?"

రాజావారు తలూపబోయారు. రాజులు తలూపితే పేదల ఇళ్ళు ఊగుతాయి. అంతలో తాంబూలపు పెట్టె పట్టే గవరయ్య సన్నగా దగ్గాడు.

"ప్రభూ, దళవాయిగారు అడవి గాలించే ఠీవి మేమెవ్వరం చూడలేదు. ఒక్కసారి నడిచి చూపిస్తే కళ్ళారా చూస్తాం."

పొగడ్తకు పొంగనివాడు దళవాయి ఎలా అవుతాడు? ముంగిట్లో గవరయ్య రెండు గంపల ఎండుటాకులు పరిపించాడు. దళవాయికి మంచి చుట్ట వెలిగించి ఇచ్చాడు. సుక్కికీ ఒకటి ఇచ్చి వెనకే నడవమన్నాడు.

గాలికి రవ్వ ఎగరకుండా, కొండ ఆడవాళ్ళు తాగే పద్ధతిలో, సుక్కి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది. దళవాయి గుప్పుగుప్పున పొగ వదులుతూ చివరిదాకా నడిచి, సగం కాలిన చుట్టను అలవాటు ప్రకారం వెనక్కి చూడకుండా భుజం మీదుగా విసిరేశాడు.

ఆకులు భగ్గుమన్నాయి. దళవాయి అందరికంటే ముందు అరుగెక్కాడు. సుక్కి గుమ్మానికి కట్టిన మామిడి కొమ్మ లాగి, మంటకు ఎదురుగా నాలుగడుగుల నేల ఊడ్చేసింది. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికేమీ లేక ఆరిపోయింది.

"దళవాయీ, నిప్పెలా పుట్టింది?" అడిగారు రాజావారు.

"ఎండకు ప్రభూ" అన్నాడు దళవాయి అరుగు మీంచి.

గవరయ్య వంగి దండం పెట్టాడు.

"నిజమే ప్రభూ. ఈ ఏడు ఎండ మీసాలు పెంచి, చుట్ట తాగుతూ తిరుగుతోంది."

రాజావారు పకపకా నవ్వి, చేతి కడియం తీసి గవరయ్యకిచ్చారు. సుక్కిని ఏం కావాలో కోరుకోమన్నారు.

"మా గుడిసెలు మాకుంటే సాలు బాబూ. ఏసవి ఎల్లేదాకా అడివి సుట్టూ బాట ఊడవాలి. మనుసులే సాలట్లేదు."

"మనుషులకేం, దళవాయీ ఆయన దండూ ఉన్నారు. రేపే చీపుర్లు పట్టిస్తాను."

దళవాయి గొంతు తగ్గింది. "మరి అడవిలో చుట్ట, ప్రభూ?"

"నిక్షేపంగా తాగు" అన్నారు రాజావారు. "ఆవిడ తాగినట్టు."

కొలువంతా ఘొల్లుమంది. దళవాయి రెండు చేతులతో మీసాలు మూసుకున్నాడు.