సుంకం కట్టని తెప్ప

కలువకోట రాజు మల్లభూపతికి ఒకనాటి పొద్దున మీసం దువ్వించుకుంటూ ఉండగా ఒక ఆలోచన వచ్చింది. ఆ మీసం దువ్వడానికి ఇద్దరు మనుషులూ ఒక నిచ్చెనా కావాలి కాబట్టి, ఆలోచనకు బోలెడు తీరిక దొరికింది.

"మన అడవుల నిండా ఎర్రచందనం ఉండగా పరదేశం నుంచి మెత్తకలప కొనడం దేనికయ్యా?" అన్నాడు సభలో.

కొనడమంటే అలాంటి ఇలాంటి కొనడమా! ఆ రోజుల్లో మా రేవుకి ఎంత కలప వచ్చేదంటే, జనం ఆ దుంగల మీదుగానే సింహళం నడిచి వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేవారు.

సుంకాల అధికారి భైరవనాయకుడు ఎగిరి లేచాడు. ఆయన గొప్పలు మోయడానికి వెనక రెండెడ్ల బండి ఒకటి నడిచేది.

"గోరుతో గీస్తే గుంట పడే కర్ర ప్రభూ! మన పరువేం కాను? మూడింతలు సుంకం వేద్దాం."

వేశారు. ఓడలన్నీ మా రేవు వంకైనా చూడకుండా పక్క రాజు రేవుకి మళ్ళాయి.

చేపల వేట మొదలయ్యే వేళకు పల్లెకారుల పెద్ద ఎల్లాజీ సభకొచ్చి బావురుమన్నాడు.

"తేలికపాటి దుంగలు కలిపి కడితేనే తెప్ప, బాబయ్యా! పాతవి పుచ్చిపోయాయి. కొత్త దుంగలు లేవు. మా వాడలో పొయ్యి వెలగడం లేదు."

"ఎర్రచందనంతో కట్టుకోవయ్యా! రాయిలా ఉంటుంది" అన్నాడు నాయకుడు. పాపం, ఆయన నీళ్ళు చూసింది చెంబులోనే.

రాజుగారి పక్కన తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడే నీలాలు కిసుక్కున నవ్వింది. ఆ పిల్ల నాలుకతోనే వక్కలు కత్తిరించేది. నేను కళ్ళారా చూశాను.

"నాయకుడుగారు చెప్పాక తిరుగేముంది ప్రభూ! మొదటి తెప్ప ఆయన్నే కట్టించమనండి. తేలితే నా కొలువు ఊడబెరకండి. మునిగితే సుంకం ఎత్తేయండి."

"సరే" అన్నాడు రాజు.

నాయకుడు తెప్ప కట్టించాడు. దాన్ని రేవుగట్టుకి లాగడానికి సగం రాజ్యం వచ్చింది. మిగతా సగం చూడ్డానికొచ్చింది.

"ఎక్కరా ఎల్లాజీ!" అన్నాడు నాయకుడు.

"అయ్యో, మా రేవు ఆచారం మరిచారా అయ్యగారూ?" అంది నీలాలు. "కొత్త తెప్ప కట్టించినవారే ముందు ఎక్కాలి. లేకపోతే గంగమ్మకి కోపం."

రాజు చూస్తున్నాడు. నాయకుడు ఎక్కి కూర్చున్నాడు. అందరూ కలిసి గట్టు మీంచి నీళ్ళలోకి తోశారు.

ఎంత వేగంగా మునిగిందంటే, అడుగున నిద్రపోతున్న తాబేలు ఇప్పటికీ ఉలిక్కిపడుతూనే ఉంది.

నాయకుడు గుటకలు మింగుతూ పైకొచ్చి, పక్కనే, పుచ్చినా ఇంకా తేలుతున్న ఎల్లాజీ పాత తెప్పను పట్టుకోబోయాడు. దాని మీద అప్పటికే కాళ్ళు చాపుకు కూర్చున్న నీలాలు అడకత్తెరతో ఆయన వేళ్ళ మీద టక్కున కొట్టింది.

"ఆగండి నాయకా! ఇది పరదేశపు మెత్తకలప. ముట్టుకునే ముందు మూడింతలు సుంకం కట్టండి!"

"ఎత్తేశాను తల్లీ! సుంకం ఎత్తేశాను!"

రాజు నవ్విన నవ్వుకి పక్క రేవులో ఓడలు లంగర్లు తెంపుకుని మా రేవుకి వచ్చేశాయి. ఎల్లాజీ అక్కడికక్కడే దుంగలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

"ఏం కావాలో కోరుకో నీలాలూ!"

"మునిగిన ఎర్రచందనం ఇప్పించండి ప్రభూ. ఆ ఓడలవాళ్ళకే అమ్ముకుంటాను."

"ఇచ్చాను. మరి పైకి తీసేదెవరు?"

నీలాలు తడిసి ముద్దయిన నాయకుడి వంక చూసింది.

"అయ్యగారికి దారి తెలుసు కదండీ!"