ఆఖరున వచ్చినవారికి

విస్సన్న పంతులు బడిలో ఒకటే కట్టుబాటు. ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో వేలితో 'శ్రీ' రాస్తాడు. ఆ తర్వాత వచ్చేకొద్దీ ఒక్కో బెత్తం దెబ్బ ఎక్కువ.

పిల్లలు కూడబలుక్కుని ఒకరోజు కోడి కూయకముందే వచ్చి చూశారు. అయినా కాలీడుస్తూ నడిచే వెంకి చెయ్యి వాచింది. ఎంత పెందరాళే వచ్చినా ఎవరో ఒకరు ఆఖరు కాక తప్పదని కుమ్మరివారి మంగకు అప్పుడు తెలిసొచ్చింది. అందరినీ వెంటబెట్టుకుని కొలువుకెళ్ళి మొరపెట్టుకుంది.

రాజు మర్నాటి కొలువుకు పంతుల్నీ పిల్లల్నీ రప్పించి, అంతా విని నవ్వాడు. "భయముంటేనే చదువొస్తుందర్రా. మంచి కట్టుబాటే!"

"అయితే ఈ కొలువులోనూ పెట్టించండి ప్రభూ," అంది మంగ.

"ఇవాళే పెట్టాం! పంతులూ, బెత్తం తియ్యి. ఇక్కడ ఆఖరున వచ్చిందెవరు?"

అందరి చూపులూ గద్దె వైపు తిరిగాయి. అందరూ వచ్చి నిలబడ్డాకే రాజు వస్తాడు. పంతులు బెత్తం వెనక దాచుకున్నాడు.

రాజు మొహం ఎర్రబడింది. "నేనేం ఆలస్యంగా రాలేదే! వేళకే వచ్చాను."

"మా వెంకీ వేళకే వచ్చింది ప్రభూ," అంది మంగ.

రాజు గద్దె దిగి, వెంకిని చెయ్యి చాపమని, ఆ వాపు మీద మెల్లగా 'శ్రీ' రాశాడు.